గట్టు అడుగున నీళ్ళు ఊరుతున్నాయా? ముందు రంగు చూడండి, తర్వాత పైపు వెతకండి

గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరదొచ్చినా తుఫానొచ్చినా అందరూ చేసేది ఒకటే, గట్టెక్కి నది వైపు చూసి ఇంకా మూడడుగులు ఉందిలే అనుకుని వెనక్కి వెళ్ళిపోవడం. ఊరి వైపు గట్టు అడుగుకి దిగి ఒక్కసారి నడిచి చూసేవాళ్ళు చాలా తక్కువ. దయచేసి దిగండి. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను వచ్చినప్పుడు అమెరికాలో, మిసిసిపీ డెల్టాలో ఉన్న న్యూ ఆర్లీన్స్ నగరం దాదాపు 80 శాతం మునిగింది. అక్కడ 17వ వీధి కాలవ గోడ నీళ్ళు పైఅంచు దాకా రాకముందే పక్కకి జరిగిపోయింది, లండన్ అవెన్యూ కాలవ దగ్గరైతే గోడ కిందున్న ఇసుకలోంచి నీళ్ళు దూరి పునాదినే కదిలించేశాయి. రెండు చోట్లా ఎత్తు చాలింది, తెగింది కిందనుంచి.

బస్తాలు పేర్చడం, మట్టి తొక్కించడం తెలిసినవాళ్ళని ఉద్దేశించి రాస్తున్నా, అవి మళ్ళీ చెప్పను.

సమస్య: నీళ్ళు పైనుంచి పొర్లేలా ఉన్నాయి

గట్టు పొడవునా ఎత్తు తక్కువై పొర్లడం అరుదు. ట్రాక్టర్లు ఎక్కి దిగే ర్యాంపుల దగ్గర, పశువులు దాటే చోట అడుగున్నర దాకా అరిగిపోయి ఉంటుంది, నీళ్ళు ముందు అక్కడే దారి చేసుకుంటాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, ఆ వరదని లెక్కలో పెట్టుకుని గోదావరి గట్లు ఎత్తు పెంచారు, కానీ కాగితం మీద ఉన్న ఎత్తు ఆ ర్యాంపు దగ్గర ఉండదు కదా. మే నెలలోనే లెవెల్ పెట్టి చూసుకుని మట్టి వేయించండి, వరదలో అయితే అక్కడ మాత్రమే బస్తాల వరస కట్టండి.

సమస్య: ఊరి వైపు అడుగున చెమ్మ, నీటి ఊట

భయపడకండి, అలాగని వదిలేయకండి. నీళ్ళు వాటర్ బాటిల్లో పట్టి పది నిమిషాలు కదలకుండా పెట్టండి. తేటగా ఉంటే గట్టు ఊరుతోంది అంతే, గంటకోసారి చూస్తూ ఉంటే చాలు. అడుగున మట్టి, ఇసుక పేరుకుంటే మాత్రం లోపల గట్టు కొట్టుకుపోతోందని అర్థం, ఇంక ఆగే టైం లేదు, తర్వాతి సమస్యలో చెప్పినట్టు చేయండి. ఈ బాటిల్ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు, అయినా దీన్ని వదిలేసి ఫొటోలు తీసి పంపి ఏం చేయాలని అడుగుతుంటారు, ఫొటోలో ఇసుక కనబడదండీ.

సమస్య: బురద నీళ్ళు బుడబుడమంటూ పైకి వస్తున్నాయి, చుట్టూ ఇసుక కుప్పగా పడుతోంది

దీనికి ఎలుకలు, పీతలు అనేస్తారు. కొన్నిసార్లు నిజమే. కానీ నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దొరికింది గట్టుకి అడ్డంగా ఎవరో ఎప్పుడో వేసి మర్చిపోయిన పైపు. పాత తూము కావచ్చు, రొయ్యల చెరువుకి ఉప్పునీళ్ళ కోసం రాత్రికి రాత్రి గట్టు తవ్వి వేసిన పీవీసీ పైపు కావచ్చు. పైపు లోపల నీళ్ళు వెళ్ళక్కర్లేదు, రెండు చివర్లూ మూసేసినా సరే. పైపు గుండ్రం కదా, దాని పొట్ట కిందకి దిమ్మిస (మట్టి కొట్టే బరువు) కూడా వెళ్ళదు, అక్కడ మట్టి గుల్లగానే ఉండిపోతుంది, పైపు బయటి గోడ వెంబడి నీళ్ళు పాకుతాయి. మామూలు రోజుల్లో నది మట్టం ఆ పైపుకి కిందే ఉంటుంది కాబట్టి ఏళ్ళ తరబడి చుక్క కూడా రాదు, పైన గడ్డి మొలిచి గట్టు బ్రహ్మాండంగా కనబడుతుంది, వరద ఒకటి రెండు రోజులు నిలబడ్డాకే బయటపడుతుంది. అందుకే ఇది అందర్నీ మోసం చేస్తుంది.

పట్టుకోవడం ఎలాగంటే, గట్టు మీద రోడ్డులో అడ్డంగా సన్నటి గుంట గీతలా ఉంటే అనుమానించండి, అది తవ్వి పూడ్చిన చోటు కుంగడం వల్ల వస్తుంది. ఎండాకాలంలో ఒక్క చారలోనే గడ్డి పచ్చగా ఉన్నా అంతే. పాత లస్కర్లనీ (గట్లు, కాలవలు చూసే ఇరిగేషన్ కాపలావాళ్ళు), అవతల పొలం రైతునీ అడగండి, వాళ్ళకి గుర్తుంటుంది.

వరదలో చేయాల్సింది: బుంగ (నీళ్ళు పైకి తన్నుకొచ్చే రంధ్రం) నోట్లో బస్తాలు కుక్కొద్దు, ఎక్కువమంది చేసే తప్పు ఇదే, ఒకచోట నొక్కితే నీళ్ళు పక్కన ఇంకోచోట పైకి తన్నుకొస్తాయి. బుంగ చుట్టూ కాస్త దూరంగా, గట్టి నేల మీద బస్తాలతో బావి ఒరలాగా రింగు కట్టండి, పక్కన చిన్న బుంగలుంటే వాటినీ లోపలే కలిపేయండి. బస్తా మూడొంతుల్లో రెండొంతులే నింపి మూతి కిందకి మడిచి పెట్టండి, బిగించి కుట్టిన బస్తాల మధ్య సందులుంటాయి. లోపల నీళ్ళు పెరిగేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, ఇసుక రావడం ఆగి తేటనీళ్ళు వచ్చే ఎత్తుకి రాగానే ఆపేసి, ఓ పక్క నీళ్ళు పోవడానికి దారి వదలండి. పూర్తిగా ఆపాలని చూడొద్దు. నది వైపు సుడి కనబడితే టార్పాలిన్ దించి దాని మీద మట్టి బస్తాలు వేయండి. ఇవన్నీ చేస్తూనే కింద ఇళ్ళవాళ్ళని ఖాళీ చేయించి ఇరిగేషన్ వాళ్ళకి ఫోన్ చేయండి, రింగు కట్టాం కదా అని నిద్రపోవద్దు.

వరద పోయాక సిమెంట్ పూసి వదిలేయకండి. ఎండాకాలంలో ఇంజనీరుని పెట్టి ఆ చోట గట్టు తెరిచి పైపు మొత్తం తీయించాలి. గోతి గోడలు నిటారుగా కాకుండా వాలుగా తవ్వించండి, నిటారుగా ఉంటే కొత్త మట్టి దిగినప్పుడు పాత మట్టి నుంచి విడిపోయి సందు పడుతుంది. తడి సరిగ్గా ఉన్న బంకమట్టి అరడుగు మందాన పోస్తూ ప్రతి పొరా తొక్కించండి. పైపు ఉండి తీరాలంటే ఊరి వైపు చివర్లో దాని చుట్టూ ఇసుక ఫిల్టర్ పెట్టించండి, ఊరే నీరు పోతుంది, మట్టి పోదు.

సమస్య: వరద తీశాక నది వైపు గట్టు జారింది

లోపల తడి ఇంకా ఉంది, బయట నీళ్ళ ఆసరా పోయింది, అందుకే. పగుళ్ళు మూసి వాలు తగ్గించి కట్టించండి. 

సమస్య: సముద్రపు కరకట్ట బాగానే ఉంది, ఊళ్ళోకి ఉప్పునీళ్ళు వచ్చేశాయి

1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని తీసుకుపోయింది, ఈ కట్ట విలువ అక్కడివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కట్ట బాగుంటే తప్పు డ్రెయిన్ షట్టర్‌ది. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ ఇరుక్కుని తలుపు పూర్తిగా పడదు, పోటుకి నీళ్ళు వెనక్కి తన్నుకొస్తాయి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో వెళ్ళి షట్టర్ ఒకసారి పైకి లేపి, అడుగున ఇరుక్కున్నది లాగేసి, దించి చూడండి.