ఎండలు ముదరకముందే: హిఫ్-1 ఆల్ఫా ఆంటీబాడీతో పనిచేసేవాళ్ళకు జాగ్రత్తలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ల్యాబుల్లో తక్కువ ఆక్సిజన్ మీద ప్రాజెక్టు చేసేవాళ్ళు మార్చిలోనే సర్దుకోవాలి. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటేదాకా కొరియర్, కరెంటు, ఏసీ మూడింటిలో ఏది ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం. ఈ కాలంలో అందరి టెన్షనూ ఫ్రీజర్‌లో ఉన్న ఆంటీబాడీ (హిఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్‌కు అతుక్కుని, అది ఉందో లేదో చూపించేది) గురించే. దాని జాగ్రత్త దానికి కావాల్సిందే. కానీ కొంప ముంచేది ఎక్కువగా కణాల్లోని ఆ హిఫ్-1 ఆల్ఫా ప్రొటీనే, ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం సర్దుకోవడానికి తోడ్పడేది ఇదే.

మామూలు గాలిలో కణం హిఫ్-1 ఆల్ఫాను ఒకపక్క తయారుచేస్తూ ఇంకోపక్క పారేస్తూ ఉంటుంది. ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్ ఎంజైములు ఆక్సిజన్ వాడుకుని దానికి ఒక గుర్తు వేస్తాయి. వీహెచ్‌ఎల్ అనే ప్రొటీన్ ఆ గుర్తు చూసి దాన్ని ప్రోటియాజోమ్‌కు, అంటే కణంలో ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రానికి, అప్పగిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, ప్రొటీన్ పోగవుతుంది. కెలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది ఈ దారి బయటపెట్టినందుకే. మళ్ళీ గాలి తగిలిందంటే సుమారు ఐదు నిమిషాల్లో సగం ప్రొటీన్ మాయం. ఆక్సిజన్ తగ్గించి కణాలను ఉంచే చాంబర్ తెరిచి, కణాల ప్లేటు బెంచి మీద పెట్టి, ఐసు కోసం కారిడార్ చివరిదాకా వెళ్ళొచ్చేసరికి చూడటానికి పెద్దగా ఏమీ మిగలదు.

కాబట్టి ఐసు, కణాలు కడగడానికి చల్లటి పీబీఎస్ (ఉప్పు ద్రావణం), ప్రోటియేజ్ ఇన్హిబిటర్ (ప్రొటీన్ తెగకుండా ఆపేది) కలిపిన లైసిస్ బఫర్ (కణాలను పగలగొట్టే ద్రవం), కణాలు గీకే స్క్రేపర్ అన్నీ పక్కన పెట్టుకున్నాకే తలుపు తీయండి. నన్నడిగితే ఎస్‌డీఎస్ (డిటర్జెంట్) బఫర్‌ను నేరుగా ప్లేటులోనే పోయడం మేలు, ప్రొటీన్ కరిగిపోవడం అక్కడికక్కడే ఆగిపోతుంది. ప్లేట్లన్నీ ఒకేసారి బయటికి తీయొద్దు, ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి. మధ్యలో కరెంటు పోయి చాంబర్‌లో గ్యాస్ కంట్రోల్ ఆగితే, ఆ రోజు ప్లేట్లను లెక్కలో వేసుకోకండి. "కాసేపే కదా పోయింది" అనే మాట ఈ ప్రొటీన్ దగ్గర చెల్లదు.

వెస్టర్న్ బ్లాట్‌లో బ్యాండ్ (ప్రొటీన్ ఉందని చూపే గీత) రాకపోతే ఆంటీబాడీని తిట్టే ముందు కంట్రోల్, అంటే హిఫ్-1 ఆల్ఫా కచ్చితంగా ఉన్న నమూనా, చూడండి. దీనికి చాంబర్ అక్కర్లేదు. 100 మైక్రోమోలార్ కోబాల్ట్ క్లోరైడ్ పెడితే, 21 శాతం ఆక్సిజన్ ఉన్న మామూలు ఇంక్యుబేటర్‌లోనే చాలా రకాల కణాల్లో కొన్ని గంటల్లో హిఫ్-1 ఆల్ఫా నిలబడుతుంది. ఇనుమును పట్టేసే డెఫెరాక్సమిన్ కూడా పనికొస్తుంది. కోబాల్ట్ విషం, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, మిగిలింది సింకులో పోయొద్దు. కరెంటు నిలకడగా ఉన్నప్పుడే ఈ కణాల లైసేట్ (పగలగొట్టిన కణాల ద్రవం) ఎక్కువగా చేసి, చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో దాచుకుంటే వేసవంతా అక్కరకొస్తుంది. 786-ఓ అనే కిడ్నీ క్యాన్సర్ కణాలను మాత్రం కంట్రోల్‌గా తీసుకోకండి. వాటిలో వీహెచ్‌ఎల్ లేదు కాబట్టి బ్యాండ్ గ్యారంటీ అనుకుంటారు. అక్కడ ఉండేది దాని దగ్గరి బంధువు హిఫ్-2 ఆల్ఫా, మీకు కావాల్సిన 1 ఆల్ఫా కాదు.

ఇంకో రెండు చిక్కులు. అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం దీని బరువు 93 కిలోడాల్టన్లే అయినా, జెల్ మీద 110 నుంచి 120 మధ్య కనిపిస్తుంది. 93 దగ్గర వెతుకుతూ కూర్చోవద్దు. లోడింగ్ కంట్రోల్‌గా (అన్ని నమూనాలూ సమానంగా వేశామా అని చూసే ప్రొటీన్‌గా) జీఏపీడీహెచ్ కూడా వద్దు, ఆక్సిజన్ తగ్గితే చాలా కణాల్లో అదీ పెరుగుతుంది.

ఇక ఆంటీబాడీ వయల్ (చిన్న సీసా) సంగతి. హైదరాబాద్ నుంచి వచ్చే పార్సిల్ శనివారం సాయంత్రం దిగి, ఆదివారమంతా సెక్యూరిటీ గది దగ్గర ఎండలో ఉండే ప్రమాదం ఉంది. సోమవారం బయలుదేరేలా సప్లయర్‌తో ముందే మాట్లాడుకోండి, తీసుకునేవాళ్ళ ఫోన్ నంబరు డబ్బా మీద రాయించండి. జెల్ ప్యాక్‌లు కరిగి వచ్చినా గాభరాపడి పారేయకండి, ఆంటీబాడీలు ఒకటి రెండు రోజుల వేడిని చాలావరకు తట్టుకుంటాయి. ఫోటో తీసి సప్లయర్‌కు పంపండి, వయల్‌ను ఓసారి స్పిన్ చేసి, దాచుకున్న లైసేట్ మీద పరీక్షించండి. 50 శాతం గ్లిజరాల్ ఉంటే మైనస్ 20లో గడ్డకట్టదు, అలాగే ఉంచి వాడుకోవచ్చు. గ్లిజరాల్ లేకపోతే వచ్చిన రోజే చిన్న వాటాలుగా పంచేయాలి, కరిగించి మళ్ళీ గడ్డకట్టించడమే దానికి అసలు శత్రువు. ఇంట్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ ఇందుకు పనికిరాదు, మంచు కరిగించడానికి అది తనంతట తానే వేడెక్కుతూ ఉంటుంది. కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తీయొద్దని కాగితం అంటించండి. లోపల ఖాళీ ఉంటే ఐస్ ప్యాక్‌లతో నింపండి.

చాంబర్‌లో ఆక్సిజన్ తగ్గించడానికి వాడే నైట్రోజన్ సిలిండర్ విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. ఏసీ చల్లదనం పోతుందని తలుపులన్నీ బిగించిన చిన్న గదిలో అది లీకైతే వాసన రాదు, దగ్గు రాదు, మనిషి అలాగే కూలిపోతాడు. పని అయ్యాక వాల్వు కట్టండి, గదిలో ఆక్సిజన్ అలారం పెట్టించండి, రాత్రిపూట ఒక్కరే ఆ గదిలో పనిచేయొద్దు.

ఆంటీబాడీ సగానికి వచ్చిందంటే కొత్తది ఇప్పుడే ఇండెంట్ పెట్టేయండి. పాలీక్లోనల్ (పలు రకాల ఆంటీబాడీల మిశ్రమం) అయితే లాట్ (తయారీ విడత) మారినప్పుడు బ్యాండ్ తీరు కూడా మారొచ్చు. పాతది అయిపోకముందే రెండిటినీ ఒకే లైసేట్ మీద పక్కపక్కన నడిపి, కొత్తదానికి ఏ డైల్యూషన్ సరిపోతుందో నోట్‌బుక్‌లో రాసుకోండి.