ఇంట్లో చేపల తొట్టె ఉంటే చెమ్మను అదుపులో పెట్టడం ఎలా?

కోనసీమలోనో భీమవరం చుట్టుపక్కలో ఉన్న ఇంటికి చెమ్మ కొత్త చుట్టమేమీ కాదు. వీధి చివర కాలువ, ఆ పక్కన వరిచేలు, అవి దాటితే రొయ్యల చెరువులు. ముసురు పట్టిందంటే బయటి గాలిలోనే తేమ 80 శాతం దాటుతుంది. అలాంటి ఇంట్లో హాల్లో అక్వేరియం పెట్టాక గోడ మీద బూజు కనబడితే నింద మొత్తం చేపల మీదకే పోతుంది. చేపల్ని ఎవరికో ఇచ్చేసే ముందు ఒకసారి కొలిచి చూడండి.

1. తొట్టె ఎంత వదులుతోందో చూడండి

నీటిమట్టం దగ్గర అద్దానికి టేపు ముక్క అంటించి, నీళ్లు కలపకుండా మూడు రోజులు ఆగండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న తొట్టెలో మట్టం ఒక సెంటీమీటరు తగ్గిందంటే సుమారు 1.85 లీటర్లు ఆవిరైనట్టు. మూడు రోజులకు అంత తగ్గితే రోజుకు 600 మిల్లీలీటర్లు. మెషిన్‌లో పిండి తీసిన బట్టలైనా, ఒక విడత ఇంట్లో ఆరేస్తే రెండు లీటర్ల దాకా గాలిలోకి వదులుతాయి. కాబట్టి హాల్లో కట్టిన దండెం ముందు వరండాలోకి మారాలి. తొట్టె సంగతి ఆ తర్వాత.

అలాగని 600 మిల్లీలీటర్లు తక్కువేం కాదు. పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు అనుకుందాం. 30 డిగ్రీల వేడిలో ఆ గదిలోని గాలి మొత్తం మోయగలిగేది కిలో నీటి ఆవిరి. తేమ అప్పటికే 75 శాతం ఉంటే మిగిలిన చోటు పావు కిలోకే. కిటికీల సందుల్లోంచి కొంత పోతుంది, గోడలూ పరుపులూ కొంత పీల్చుకుంటాయి. ఆ పీల్చుకున్నదే తర్వాత బూజవుతుంది.

2. గదిలో తేమ కొలవండి

చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొనండి. చవక రకాలు తప్పు చూపిస్తుంటాయి కాబట్టి ఉప్పుతో పరీక్ష పెట్టండి. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీటి చుక్కలు వేసి, మీటరుతో పాటు జిప్ కవర్‌లో పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపించాలి. 80 చూపిస్తే, అది చెప్పే అంకెలో ఇక మీదట అయిదు తీసేసి చదువుకోండి. మీటరును తొట్టెకు దూరంగా, మనిషి భుజం ఎత్తులో ఉంచండి. 60 లోపు ఉంటే హాయి. వానాకాలంలో మన దగ్గర ఏసీ లేకుండా అంత రాదు. రోజుల తరబడి 70 దాటే ఉంటే మాత్రం ఏదో ఒకటి చేయాలి.

3. మూత వేయండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, ఖర్చు కూడా తక్కువే. అద్దాల కొట్టులో తొట్టె కొలతకు ఒక అద్దం కోయించి, మేత వేయడానికి ఒక మూల తీయించండి. అద్దం తొట్టె అంచు మీద కాకుండా, అంచుకు కాస్త కిందగా క్లిప్పుల మీద కూర్చోవాలి. అప్పుడు అద్దానికి పట్టిన నీళ్లు బయటికి కారకుండా మళ్లీ తొట్టెలోకే పడతాయి. వెనక అంగుళం ఖాళీ ఉంటే గాలి ఆడుతుంది. బుడగలు చిట్లి ఎగిరే తుంపర కూడా ఆగుతుంది.

మూతతో ఇంకో లాభం ఉంది. ఆవిరయ్యేది నీరే, అందులోని లవణాలు తొట్టెలోనే ఉండిపోతాయి. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు అసలే ఉప్పన. తగ్గినప్పుడల్లా అవే పోస్తుంటే ఉప్పు పేరుకుపోతుంది. తగ్గినంత వరకు ఆర్‌ఓ నీళ్లు కలపండి. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు మాత్రం వద్దు, రాగి గొట్టాల మీదుగా వస్తాయవి. రాగి చేపలకు పడదు.

ఇక మే నెల. మూత వేస్తే తొట్టె వేడెక్కుతుంది, తీసేసి ఫ్యాన్ పెడితే నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి కానీ ఆ ఆవిరంతా ఇంట్లోకే వస్తుంది. నన్నడిగితే ఎండాకాలంలో చేపల పక్షమే వహించాలి. మూత సగం తీసి, మధ్యాహ్నం ఫ్యాన్ పెట్టి, ఎదురెదురు కిటికీలు తెరవండి. వానలు మొదలయ్యాక మూత మళ్లీ వేసేయొచ్చు.

4. చోటు మార్చండి

తొట్టెకూ గోడకూ మధ్య జానెడు ఖాళీ వదలండి. బయట వాన కొట్టే గోడకు ఆనించొద్దు. పట్టుచీరల బీరువా, పొలం దస్తావేజులు, పుస్తకాల అల్మరా పక్కన అసలే వద్దు. స్టాండు కింద చెక్కపొట్టు బోర్డు ఉంటే ఉబ్బిపోతుంది. సిమెంటు దిమ్మ మీద కడప బండ మేలు. బీరువా లోపల చెమ్మ పీల్చే డబ్బా పనిచేస్తుంది, హాల్లో పెడితే దండగ. నాఫ్తలీన్ ఉండలు పురుగుల కోసమే, చెమ్మను పీల్చవు.

5. కిటికీలు, ఏసీ

ముసురులో రోజంతా కిటికీలు తెరిచి ఉంచినా తేమ బయటి గాలి కన్నా తగ్గదు. ఎండ కాసిన రెండు మూడు గంటలు తెరవండి, వంటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. తొట్టె ఏసీ గదిలో ఉంటే మూత తప్పనిసరి. ఆరిన గాలి నీటిని ఇంకా ఎక్కువ లాగుతుంది, అందులో హీటర్ కూడా ఉంటే మరీను. వాన రోజున వేడిగా లేకపోయినా ఉక్కగా ఉంటే ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి. పొద్దున ఏసీ ఆపగానే కిటికీలు బార్లా తీయకండి, చల్లని గచ్చు మీదా అద్దాల మీదా బయటి గాలి నీళ్లై కూర్చుంటుంది.

6. బూజు ఇప్పటికే పట్టి ఉంటే

చాలామంది బ్లీచింగ్ కలిపిన నీళ్లు గోడ మీద కొడతారు. క్లోరిన్ చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. ఎయిర్ పంప్ గదిలో గాలినే తొట్టెలోకి నెడుతుంది కాబట్టి ముందు దాన్ని ఆపి, తొట్టె మీద తడిగుడ్డ కప్పి, ఆ నీళ్లలో ముంచిన వేరే గుడ్డతోనే గోడ తుడవండి, స్ప్రే చేయొద్దు. గది గాలాడి వాసన పోయాక పంప్ వేయండి. చేపలు ఈలోగా పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మాత్రం తుడవడం ఆపేసి, కిటికీలన్నీ తీసి, వెంటనే పంప్ వేసేయండి.