సైరన్ మోగితే బాల్కనీలోకి పోకండి

ఏటా డిసెంబర్‌లో హనుమకొండలోని మా ఇంటికి నలుగురైదుగురు పిల్లలు, వెంట వాళ్ల అమ్మానాన్నలు వస్తారు. జనవరిలో మిస్సోరీకో, కాన్సస్‌కో, ఓక్లహామాకో చదువుకు పోయేవాళ్లు. నేను ఆరేండ్లు మిస్సోరీలో ఉండి వచ్చాను కాబట్టి అడుగుతారు: చలికోటు ఇక్కడే కొనాలా, కుక్కర్ పట్టుకుపోవాలా, మామిడికాయ తొక్కు సూట్‌కేసులో కారకుండా ఎట్లా కట్టాలి. ఏప్రిల్ గురించి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. చలి పోయి చెట్లు పూతకొచ్చే ఆ కాలమే, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఆ రాష్ట్రాల్లో టోర్నడోలు, అంటే భీకరమైన సుడిగాలులు, ఎక్కువగా వచ్చే కాలం.

సుడిగాలి అంటే మనకు ఎండాకాలం చెలకల్లో దుమ్మూ చెత్తా లేపి పోయేది. దాంతో పోల్చుకోకండి. గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీంచి వచ్చే వెచ్చని తడిగాలి, రాకీ పర్వతాల వైపు నుంచి, ఉత్తరం నుంచి దిగే పొడి, చల్లని గాలులు ఆ మైదానాల మీద ఎదురుపడితే పుట్టేది ఇండ్లను పునాదుల దాకా ఊడ్చేస్తుంది. 2011 మే 22న మిస్సోరీలోని జాప్లిన్ ఊళ్లో 150 మందికి పైగా చనిపోయారు.

నేను పోయిన మొదటి ఏప్రిల్‌లో ఒక సాయంత్రం సైరన్ మోగింది. మేం నలుగురం మూడో అంతస్తు బాల్కనీలోకి పోయి ఫోన్లు పైకెత్తి నిలబడ్డాం. ఇక్కడ గాలిదుమారం లేస్తే వాకిట్లోకి వచ్చి ఆకాశం చూడటం మనకు అలవాటే కదా. కింది ఇంట్లో ఉండే పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, కోప్పడి, మమ్మల్ని తన ఇంటి బాత్‌రూమ్‌లోకి తోసింది. ఆ రోజు మా వీధికి ఏమీ కాలేదు. కానీ ఆమె రాకపోతే మేం అక్కడే నిలబడి ఉండేవాళ్లం. చూసి కదులుదాం అనుకునే ఆ అలవాటును ఇక్కడే వదిలేసి పొమ్మని అందరికీ చెప్తున్నాను.

రెండు మాటలు బాగా గుర్తుపెట్టుకోండి. టోర్నడో వాచ్ అంటే అది పుట్టే వాతావరణం ఉందని. ఏనుమాముల మార్కెట్‌లో మబ్బు పట్టగానే రైతులు మిర్చి బస్తాల మీదికి పట్టాలు సిద్ధం చేసుకుంటారు చూడండి, అట్లాంటి సమయం. బూట్లు, టార్చి, ఛార్జింగ్ ఉన్న ఫోన్ దగ్గర పెట్టుకోండి. టోర్నడో వార్నింగ్ అంటే ఎవరో కండ్లారా చూశారు, లేదా రాడార్‌లో కనబడింది. అప్పుడు చేతిలో ఉండేది పది పదిహేను నిమిషాలు, ఒక్కోసారి అదీ ఉండదు. బేస్‌మెంట్ ఉంటే అందులోకి, లేకుంటే అన్నిటికన్నా కింది అంతస్తులో, కిటికీలు లేని లోపలి గదిలోకి. బాత్‌రూమ్, బట్టల అర, నడవ, ఏదైనా సరే. పై అంతస్తులో ఇల్లు తీసుకుంటే, దిగిన వారంలోనే కింది ఇంటివాళ్లతో పరిచయం చేసుకోండి. ఇక్కడ పక్కింటివాళ్లు తలుపు తడతారు, అక్కడ ఆ పరిచయం లేకుంటే ఎవరూ తట్టరు. తలకు హెల్మెట్ ఉంటే పెట్టుకోండి. కారులో ఉంటే ఫ్లైఓవర్ కింద ఆగకండి, అక్కడ గాలి ఇంకా తోసుకొస్తుంది.

సైరన్ బయట తిరిగేవాళ్ల కోసం పెట్టింది. తలుపులు వేసుకుని పడుకుంటే వినబడకపోవచ్చు. ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్ట్ శబ్దం కఠోరంగా ఉంటుందని చాలామంది సెట్టింగుల్లోకి పోయి ఆపేస్తారు. దయచేసి ఆపకండి, అర్ధరాత్రి మిమ్మల్ని లేపేది అదే. టీవీ, రేడియో హెచ్చరికల్లో కౌంటీ (మన జిల్లాలాంటిది) పేరు చెప్తారు. ఊరి పేరొక్కటే తెలిసి కౌంటీ తెలియక, ఆ హెచ్చరిక తమకేనని గుర్తించనివాళ్లను చూశాను.

ఇక నది. మనకు వరద అంటే నెత్తి మీద వాన. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, మోరంచపల్లి జనం ఇండ్ల కప్పులెక్కారు, నయీంనగర్ నీళ్లల్లో ఉంది. చెరువు మత్తడి దుంకితే ఊరంతా తెలుస్తుంది. అక్కడ ఎండ కాస్తుండగానే నది పెరుగుతుంది. వందల మైళ్ల ఎగువన చలికాలమంతా పేరుకున్న మంచు కరుగుతుంది, దాని మీద వాన పడుతుంది, గడ్డకట్టిన నేల చుక్క కూడా పీల్చుకోదు. 2019 మార్చిలో నెబ్రాస్కాలో ఇట్లాగే వచ్చిన వరద, మంచుగడ్డలతో సహా కొట్టి స్పెన్సర్ డ్యామ్‌ను తెంపింది.

భద్రాచలం దగ్గర గోదావరికి 43, 48, 53 అడుగుల హెచ్చరికలు మనకు నోటికి వస్తాయి. అక్కడా నది మట్టం కొలిచే చాలా గేజ్‌లకు అట్లాంటి మెట్లే ఉన్నాయి. సెయింట్ లూయిస్‌లో మిస్సిసిపీ 30 అడుగులు దాటితే వరద, 1993 ఆగస్టు 1న అది 49.58 అడుగులకు చేరింది. అక్కడి వాతావరణ శాఖ, నేషనల్ వెదర్ సర్వీస్, ఈ లెక్కలు రోజూ పెడుతుంది, రాబోయే రోజుల అంచనాతో సహా. ఇల్లు అద్దెకు తీసుకునే ముందే వరద మ్యాప్‌లో ఆ చిరునామా వెతకండి. వాగు పక్కన అద్దె తక్కువ ఉందంటే ఎందుకో అడగండి.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే వెనక్కి తిరగండి. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేలుస్తుంది, రెండడుగులైతే పెద్ద బండ్లనూ తీసుకుపోతుంది. రాత్రిపూట లోతు తెలియదు, కింద రోడ్డు ఉందో లేదో కూడా తెలియదు.

డబ్బు సంగతి ఒకటి చెప్పాలి. పిల్లలు పాత కారు కొని, ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే డబ్బిచ్చే లయబిలిటీ ఇన్సూరెన్స్ ఒక్కటే తీసుకుంటారు. రాళ్లవానకు అద్దాలు పగిలినా, వరదలో ఇంజన్ పోయినా అందులో పైసా రాదు, దానికి మన బండికి ఇట్లా జరిగే నష్టాన్ని కూడా చూసే కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్ ఉండాలి. అద్దె ఇంటి ఇన్సూరెన్స్‌లో మామూలుగా వరద ఉండదు. ప్రభుత్వ వరద పాలసీ తీసుకున్నా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమలవుతుంది, కాబట్టి నది పెరిగాక కొంటే లాభం లేదు. పాత కారు కొనేటప్పుడు సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చూడండి, బురద మరకలు ఉంటే అది ముంపులో నానిన బండి.

పాస్‌పోర్టు, ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) నీళ్లు దూరని కవర్‌లో, తలుపు దగ్గరి సంచిలో ఉండాలి. ఇల్లు పోతే రెడ్ క్రాస్ షెల్టర్‌కు పొండి, వీసా ఏమిటని అడగరు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు ఆ వారంలోనే చెప్పండి, క్లాసులు తప్పితే వీసా స్టేటస్ చిక్కులు వాళ్లే చూడాలి.

అమ్మానాన్నలకు ఒక మాట. అక్కడ సాయంత్రం ఏడైతే మనకు తెల్లవారుజాము ఐదున్నర. టీవీలో అమెరికాలో టోర్నడో అనగానే మా అమ్మ వణుకుతూ ఫోన్ చేసేది, "బిడ్డా, మీ దిక్కేనా?" అని. అది చాలాసార్లు ఎక్కడో వేయి కిలోమీటర్ల అవతల ఉండేది. పిల్లల కౌంటీ పేరు, దగ్గరి పెద్ద ఊరి పేరు క్యాలెండర్ మీద రాసుకోండి. పిల్లలూ, గాలి తగ్గగానే ఒక్క మెసేజ్ పెట్టండి. కాల్ కలవకపోయినా అది వచ్చే అవకాశం ఉంటుంది.