మధ్యలో ఆగిన ఫైల్ సర్వర్ డేటా తరలింపు: మిగిలిన పని కొనసాగించడం ఎలా?

విండోస్ ఫైల్ సర్వర్ నుంచి నెట్‌వర్క్ స్టోరేజీకి రోబోకాపీ (విండోస్‌లోని ఫైల్ కాపీ కమాండ్)తో డేటా తరలిస్తుండగా పని మధ్యలో ఆగిపోతే, అప్పటికే చేరినదాన్ని తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాల్సిన పని లేదు. రోబోకాపీ రెండు వైపులా ఉన్న ఫైలు పరిమాణాన్నీ, చివరిసారి మార్చిన సమయాన్నీ పోల్చి, సరిపోయినవాటిని వదిలేస్తుంది కాబట్టి అదే కమాండ్‌ను మళ్లీ ఇస్తే మిగిలినవే వెళ్తాయి. కాకపోతే ముందుగా లాగ్ (పని వివరాలు, ఎర్రర్లు నమోదయ్యే ఫైలు) చదవాలి. ఆగిన కారణం అలాగే ఉంటే పని మళ్లీ అక్కడే ఆగుతుంది.

సమస్య: ఒకే ఫైలు దగ్గర గంటల తరబడి కదలిక లేదు.
లాగ్‌లో ఎర్రర్ 32 కనిపిస్తే ఆ ఫైలును ఎవరో తెరిచి ఉంచారని అర్థం. రోబోకాపీ డిఫాల్ట్‌గా 30 సెకన్ల విరామంతో 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. అంటే ఒక్క ఫైలు కోసమే దాదాపు 347 రోజులు. కమాండ్‌లో /ఆర్:2 /డబ్ల్యూ:5 (రెండుసార్లే మళ్లీ ప్రయత్నం, మధ్యలో 5 సెకన్ల విరామం) చేర్చి, అలా మిగిలిపోయిన ఫైళ్లను ఎవరూ పనిచేయని వేళలో పంపాలి.

సమస్య: పెద్ద ఫైళ్ల మధ్యలో కనెక్షన్ తెగిపోతోంది.
ఎర్రర్ 64 నెట్‌వర్క్ తెగినట్టు చెబుతుంది. /జెడ్ స్విచ్ (కమాండ్‌కు చేర్చే ఆప్షన్) ఇస్తే ఫైలు ఆగిన చోటు నుంచి కొనసాగుతుంది గానీ వేగం తగ్గుతుంది కాబట్టి పెద్ద ఫైళ్లున్న ఫోల్డర్లకే దాన్ని వాడటం మంచిది.

సమస్య: చేరిన ఫైళ్లే ప్రతిసారీ మళ్లీ కాపీ అవుతున్నాయి.
రెండు పరికరాలు సమయాన్ని ఒకే సూక్ష్మతతో నమోదు చేయకపోవడం దీనికి తరచుగా కనిపించే కారణం. /ఎఫ్‌ఎఫ్‌టీ ఇస్తే 2 సెకన్ల లోపు తేడాను లెక్కలోకి తీసుకోదు.

సమస్య: ఫైళ్లు చేరాయి, అనుమతులు చేరలేదు.
పాత సర్వర్‌లోని లోకల్ గ్రూపులు (ఆ ఒక్క సర్వర్‌లోనే ఉండే యూజర్ గ్రూపులు) కొత్త పరికరానికి తెలియవు. అందుకే సెక్యూరిటీ ట్యాబ్‌లో పేరుకు బదులు ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవైన సంఖ్య కనిపిస్తుంది. ఆ అనుమతులను సంస్థ నెట్‌వర్క్ అంతటా గుర్తించే డొమైన్ గ్రూపులకు మార్చి, ఆ తర్వాతే మళ్లీ పంపాలి.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది /ఎంఐఆర్ స్విచ్. పాత సర్వర్‌లో లేని ప్రతి ఫైలునూ అది గమ్యంలో తొలగిస్తుంది కాబట్టి, తరలింపు ఆగిన వ్యవధిలో ఎవరైనా కొత్త స్టోరేజీలో పని మొదలుపెట్టి ఉంటే వారి ఫైళ్లు పోతాయి, వారు మార్చిన ఫైళ్లపై పాత ప్రతులు వచ్చి పడతాయి. అలాంటి అనుమానం ఏ కొంచెమున్నా /ఎంఐఆర్ బదులు /ఈ (సబ్‌ఫోల్డర్లతో సహా కాపీ చేస్తుంది), /ఎక్స్‌ఓ (గమ్యంలో కొత్త ప్రతి ఉంటే పాతది పంపదు) వాడండి. ఏదైనా సరే, ముందు /ఎల్ చేర్చి ఏమేం జరగబోతోందో జాబితాగా చూసుకోండి.

చివరి విడతకు ముందు పాత షేర్‌ను రీడ్-ఓన్లీ చేయాలి. రోబోకాపీ పని ముగిశాక ఇచ్చే ఫలితపు సంఖ్య, అంటే ఎగ్జిట్ కోడ్, 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే కొన్ని ఫైళ్లు చేరలేదన్నమాట. అది 8 కంటే తగ్గేవరకు వినియోగదారులను కొత్త షేర్‌కు మార్చకూడదు.