మ్యాట్ వార్నిష్ కొట్టాక బొమ్మలు తెల్లబడ్డాయా? నా అనుభవం

1815 వాటర్లూ యుద్ధాన్ని బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆటగా ఆడదామని 28 మి.మీ. సైజు ఫ్రెంచ్ పదాతి దళానికి రంగులేశాను, మొత్తం 24 బొమ్మలు. చివర్లో మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు లేకుండా రంగును కాపాడే పూత, స్ప్రే కొట్టి మర్నాడు చూస్తే, ముదురు నీలం కోట్ల మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర. నెలల కష్టం, ప్రాణం ఉసూరుమంది.

తడిగుడ్డతో తుడిచాను, మళ్లీ మ్యాట్ కొట్టాను, పైన రంగు దిద్దాను. ఏదీ పనిచేయలేదు, రెండోదైతే ఇంకా తెల్లగా చేసింది.

చివరికి పనిచేసింది గ్లాస్ (gloss) వార్నిష్, అంటే మెరుపు వచ్చే రకం. స్ప్రే కాదు, బ్రష్‌తో పూసే యాక్రిలిక్. ముందు బొమ్మల్ని రెండు రోజులు పొడిగదిలో ఆరనిచ్చాను. తర్వాత ఒక్క బొమ్మ వీపుసంచి మీద మాత్రం మెత్తటి బ్రష్‌తో పలచగా పూశాను. బెల్టుల సందుల్లో నిలిచినదాన్ని బ్రష్ కొనతో లాగేశాను. పూస్తుండగానే అసలు రంగు తిరిగొచ్చింది! ఆ తెలుపు గరుకు పొర మీద వెలుతురు చెదరడమే, గ్లాస్ ఆ గరుకును నింపేస్తుంది. మిగతావన్నీ అలాగే పూసి, రాత్రంతా వదిలేసి, మ్యాట్ సీసాను అడుగున పేరుకున్నది కలిసేదాకా కుదిపి, ఈసారి బ్రష్‌తోనే ఒక్క పలచటి పూత వేశాను.

22 పూర్తిగా బాగయ్యాయి. రెండింటికి వార్నిష్ మందంగా పడిన మడతల్లో తెలుపు మిగిలింది, అక్కడ రంగు దిద్దక తప్పలేదు. స్ప్రే కొట్టిన రోజు ముసురు, నాది తేమ వల్లే అనుకుంటున్నాను. కింద ఎనామిల్ రంగులుంటే ఇదే ఫలితం వస్తుందని చెప్పలేను. ముందు ఒక బొమ్మ వీపు మీద చూసుకోండి.