పోయిన డబ్బు కోసం మళ్లీ డబ్బు కట్టకండి

డిగ్రీ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న మా వీధి అమ్మాయి ఒకరు, ఇంటి నుంచే పని అంటూ టెలిగ్రామ్‌లో వచ్చిన సందేశాన్ని నమ్మి, తల్లి చీటీ పాడి తెచ్చిన సొమ్ములో 84,000 రూపాయలు నాలుగు రోజుల్లో పోగొట్టుకుంది. ఆమె ఫోనులో ఆ సంభాషణంతా చదివాను. మొదటి రోజు మూడు హోటళ్లకు గూగుల్ మ్యాప్స్‌లో అయిదేసి నక్షత్రాలు ఇచ్చినందుకు 150 రూపాయలు నిజంగానే ఖాతాలో పడ్డాయి. మర్నాడు 1,000 కడితే 1,300 వచ్చాయి. ఆ నమ్మకంతో కట్టిన 5,000 మాత్రం తిరిగి రాలేదు. మీరు టాస్కులో తప్పు చేశారు, ఖాతా ఆగిపోయింది, విడిపించడానికి 28,000 కట్టండి అన్నారు. కట్టాక, పన్ను కింద మరో 51,000 అన్నారు.

అంటే ఆమె మొదట పోగొట్టుకున్నది 5,000 మాత్రమే. మిగతా 79,000 ఆ అయిదు వేలను రాబట్టుకోవాలన్న ఆరాటంలో పోయాయి. నేను చూసినవారిలో దాదాపు అందరినీ ముంచింది ఈ రెండో చెల్లింపే. తెరమీద కనిపించే నిల్వ వాళ్లు వేసుకున్న అంకె, దాని వెనుక డబ్బు లేదు. ఇక పన్ను సంగతి: పని చేయించుకున్నవారు టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను) కోసుకుని మిగతాది మీకిస్తారు గాని, ముందు మీరు యూపీఐలో పంపితేనే మీ సంపాదన విడుదల చేస్తామని ఎవరూ అనరు.

అప్‌వర్క్ వంటి, ఇంటి నుంచి చేసే పనులు నిజంగా దొరికే వేదికల్లో దరఖాస్తుకు వాడే టోకెన్లైన కనెక్ట్స్‌కు రుసుము ఉన్నమాట నిజమే, కాని అది వేదికకు చేరుతుంది. పని ఇచ్చే క్లయింటుకు మీరు రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు. స్థిర ధర ఒప్పందమైతే క్లయింటు సొమ్మును ముందుగా ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా వేదిక దగ్గర ఆగే ఖాతాలో, జమ చేశాడో లేదో చూసుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. ఒప్పందం కాకముందే వాట్సాప్‌కు రమ్మంటే వెళ్లకండి.

డేటా ఎంట్రీలో తప్పులున్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు, జరిమానా కట్టండి అంటూ లాయరు నోటీసు పంపితే భయపడి కట్టకండి. నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు, దాన్ని మీ ఊళ్లో న్యాయవాదికి చూపించండి. రిజిస్ట్రేషన్ ఫీజు, శిక్షణ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, పేరేదైనా కట్టకండి. మీ బ్యాంకు ఖాతాను కమీషన్ కోసం ఎవరికీ ఇవ్వకండి, దొంగసొమ్ము దానిలోంచి పోతే పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు. కొట్టమంటే ఫోను పెట్టేయండి. సంభాషణను చెరిపేయకండి. మోసం జరిగిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సొమ్ము చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం అప్పుడే ఉంటుంది. ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి రాత్రంతా ఆగకండి. ఫిర్యాదు చేశాక, మీ డబ్బు మేము ఇప్పిస్తాం, కొంచెం ఫీజు అవుతుంది అని ఇంకొకడు ఫోన్ చేస్తాడు. వాడికీ కట్టకండి.