సజ్జ మీది వీడియో గేమ్‌కు కరెంటు ఇచ్చే ముందు

దసరాకు ఇల్లు దులుపుతుంటే సజ్జ మీద నుంచి పాత టీవీ వీడియో గేమ్ బయటపడిందనుకోండి. చేతులు ఊరుకోవు. వెంటనే ఏదో ఒక అడాప్టర్ వెతికి, టీవీకి తగిలించి స్విచ్ వేస్తారు. దయచేసి ఆ ఒక్క పని చేయకండి. నల్లగొండలో నా దగ్గరికి తెలిసినవాళ్లు తెచ్చే సెట్లలో వయసు మీరి పోయినవి తక్కువ, తప్పుడు అడాప్టర్ పెట్టి చంపినవి ఎక్కువ. ఏళ్లకేళ్లు దుమ్ములో పడి ఉన్నా ఏమీ కానిది, ఆ ఒక్క నిమిషం తొందరలో పోతుంది.

ముందు చేతిలో ఉన్నదేమిటో చూసుకోండి. తొంభైలలో మన దిక్కు అమ్మినవి దాదాపు అన్నీ ఒకే తాను ముక్కలు. 1983 జూలై 15న నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్లు. డబ్బా మీద మీడియా అని ఉన్నా, లిటిల్ మాస్టర్ అని ఉన్నా, సెగా మెగాడ్రైవ్ వేషం వేసుకున్న టెర్మినేటర్ అని ఉన్నా లోపల సరుకు అదే. క్యాసెట్ మూతిని చూస్తే ఒక్కో వైపు 30 చొప్పున 60 రేకులుంటాయి. అమెరికా చుట్టాలు తెచ్చిన అసలు నింటెండో క్యాసెట్‌కైతే 72. అది ఇందులో పట్టదు, బలవంతం చేయకండి.

అడుగున స్క్రూలు విప్పి పైచిప్ప తీయండి. బోర్డు మీద పొడవాటి నల్లచిప్పులు, ఒక్కోదానికి 40 కాళ్లు, రెండు కనిపిస్తే మీ అదృష్టం. ఒకటి లెక్కలు చూసేది, ఒకటి బొమ్మ గీసేది. ఏది పోయినా పాత సెట్లోంచి తీసి మార్చుకోవచ్చు. అలా కాకుండా బోర్డు మధ్యలో నల్ల లక్క బొట్టు లాంటిది ఉంటే అది తర్వాత వచ్చిన చవక రకం. ఆ బొట్టు కింద ఉన్నది కాలిపోతే ఇక బాగుచేయడం లేదు. అందుకే అడాప్టర్ గురించి ఇంత గోల.

చాలా సెట్లకు కావలసింది 9 వోల్టుల డీసీ. సమస్య వోల్టులతో కాదు, ప్లస్సు మైనస్సులతో. టేప్‌రికార్డర్‌కు, రేడియోకు వాడిన ఎలిమినేటర్‌లో పిన్ను లోపల ప్లస్సు ఉండొచ్చు. అసలు ఫ్యామికామ్‌కు పిన్ను లోపల మైనస్సు ఉండాలి. నకళ్లలో చాలావరకు అదే పద్ధతి, కానీ అన్నీ కావు. సాకెట్ పక్కన గుర్తు అచ్చు వేసి ఉంటే సరే. లేకపోతే మల్టీమీటర్ తీయండి. బోర్డు మీద అల్యూమినియం రేకుకు బిగించి మూడు కాళ్ల బిళ్ల ఒకటి ఉంటుంది, దాని మీద 7805 అని ఉంటుంది. అక్షరాలు మీ వైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ కాలు కరెంటు లోపలికి వచ్చేది, నడిమి కాలు మైనస్సు, కుడి కాలు 5 వోల్టులు బయటికి ఇచ్చేది. మీటర్‌ను బీప్ మీద పెట్టి ఒక తీగ నడిమి కాలికి, ఇంకోటి అడాప్టర్ సాకెట్ రేకులకు ఒక్కొక్కదానికి ఆనించండి. ఏ రేకు దగ్గర బీప్ వచ్చిందో అదే మైనస్సు. సాకెట్ వెనుకే నాలుగు డయోడ్లు (కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చేవి) కలిపి ఉంటే మాత్రం ప్లస్సు ఎటున్నా ఫరవాలేదు, తయారుచేసినవాడు మన మీద దయ చూపించాడన్నమాట.

బరువుగా ఉండే పాత ఎలిమినేటర్ మీద 9 అని రాసి ఉన్నా, ఖాళీగా కొలిస్తే 12, 13 దాకా చూపిస్తుంది. అది చూసి బెదరకండి, లోడు పడగానే దిగుతుంది. కానీ 5 వోల్టులకు పైన మిగిలేదంతా 7805 వేడిగా మార్చి భరించాలి. మే నెలలో మన ఊళ్లలో ఇంట్లోనే ఎంత ఉడుకుతుందో తెలుసు కదా. 9 వోల్టులు, ఒక యాంపు ఇచ్చే కొత్త అడాప్టర్ కొనుక్కోవడమే మంచిది.

ఇప్పుడు క్యాసెట్ పెట్టకుండా, టీవీకి తగిలించకుండా స్విచ్ వేసి 7805 నడిమి కాలికీ కుడి కాలికీ మధ్య కొలవండి. 5కు అటూ ఇటూగా వస్తే బతికినట్టే. 6, 7 చూపిస్తే తటాలున ఆపేయండి, 7805 పోయింది. అది పది ఇరవై రూపాయల వస్తువు, కోఠి గుజరాతీ గల్లీలో ఏ దుకాణంలోనైనా ఇస్తారు. పక్కనే నిలబడి ఉండే చిన్న డబ్బా కెపాసిటర్లను కూడా చూడండి. నెత్తి ఉబ్బినా, అడుగున బంక కారినా మార్చండి. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతకంటే ఎక్కువున్నా ఇబ్బంది లేదు. ఒంటి మీద చార ఉన్న వైపు మైనస్సు.

తర్వాత క్యాసెట్లు. మా బావది దేవరకొండ. ఎప్పుడొచ్చినా క్యాసెట్ తీసి ముందు రెండు చేతుల్లో పట్టుకుని మౌత్ ఆర్గాన్ వాయించినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఊదుతాడు. "బావా, ఊదకు, తుప్పు పడతది" అంటే, "ఊదకుంటే మారియో ఎట్ల లేస్తడు?" అంటాడు. నిజానికి పని చేసేది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. ఆ రాపిడికి రేకుల మీది మురికి కొంచెం పక్కకు జరుగుతుంది. ఊదినప్పుడు పడే తడి మాత్రం రేకులను తినేస్తుంది. మొబైల్ రిపేర్ షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటుంది, ఐపీఏ అని అడిగితే ఇస్తారు. ఇయర్ బడ్ ముంచి రేకుల మీద పైనుంచి కిందికి రుద్దండి, బడ్ నల్లబడటం ఆగేదాకా. మొండి మురికికి పెన్సిల్ రబ్బరు వాడొచ్చు, తర్వాత మళ్లీ ఐపీఏ. గరుకు కాగితం వద్దు, పైపూత లేచిపోతుంది. చేతులు కడుక్కునే శానిటైజర్ జెల్ కూడా వద్దు, జిడ్డు మిగులుతుంది. సెట్లోని సాకెట్‌ను మాత్రం పాత ఏటీఎం కార్డుకు పల్చటి నూలుగుడ్డ చుట్టి, ఐపీఏతో తడిపి, కరెంటు తీసేసి నాలుగైదు సార్లు దింపి లేపండి. అక్కడ బడ్ పెడితే దూది పోగులు ఇరుక్కుంటాయి.

చిప్పలు, బటన్లు సబ్బు నీళ్లతో కడగొచ్చు. కానీ మన బోరు నీళ్ల సంగతి వేరే చెప్పాలా, ఆరాక తెల్లటి పొర కడుతుంది. చివరి కడుగు క్యాన్ నీళ్లతో చేసి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకర పోతుంది, రంగు పచ్చబడుతుంది. పచ్చబడినదాన్ని పెరాక్సైడ్‌తో తెల్లగా చేసేవాళ్లున్నారు. నాకా ముచ్చట లేదు, పాతది పాతదిలా ఉంటేనే బాగుంటుంది. రిమోట్‌లో బటన్ ఎంత నొక్కినా పలకకపోతే లోపలి రబ్బరు బిళ్ల మీది నల్ల చుక్కనూ, బోర్డునూ తుడవండి. సగం రిమోట్లు దానికే దారికొస్తాయి.

టీవీ విషయానికొస్తే, పాత డబ్బా టీవీకి సాటి లేదు. పాత సామాన్ల దుకాణంలో చవకగా పడి ఉంటాయి. దాని వెనుక మూత మాత్రం తీయకండి, ప్లగ్ తీసినా లోపల వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. గేమ్ సెట్టుకు పసుపు రంగు ఏవీ సాకెట్ ఉంటే దానికే తగిలించండి. యాంటెన్నా తీగ ఒక్కటే ఉంటే చానెల్ వెతకాలి. బొమ్మ వచ్చి, పాట బదులు బుస్సుమనే చప్పుడొస్తే టీవీ మెనూలో సౌండ్ సిస్టమ్‌ను బీజీ నుంచి డీకేకు మార్చి చూడండి. కొన్ని సెట్లు చైనా పద్ధతివి. ఆ పద్ధతిలో (డీకే) సౌండ్ 6.5 మెగాహెర్ట్జ్ మీద, మన పద్ధతిలో (బీజీ) 5.5 మీద ఉంటుంది.

ఎల్‌ఈడీ టీవీలో ఆడాలంటే గేమ్ మోడ్ వేయండి, లేకపోతే మీరు నొక్కిన కాసేపటికి మారియో ఎగురుతాడు. బాతుల ఆట తుపాకీ మాత్రం ఎల్‌ఈడీ మీద పని చేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక క్షణం నల్లబడి బాతు ఉన్నచోట తెల్లటి డబ్బా మెరుస్తుంది, తుపాకీలోని కన్ను దాన్ని పట్టుకుంటుంది. కొత్త టీవీలో ఆ మెరుపు ఆలస్యంగా వస్తుంది. తుపాకీ చెడిపోయిందని పారేయకండి. ఇంకొక సంగతి. ఫోన్‌లో అదే ఆట ఆడితే మారియో పరుగు ఎక్కువైనట్టు అనిపిస్తే మీ మతిమరుపు కాదు. జపాన్ టీవీలకు సెకనుకు 60 సార్లు బొమ్మ గీసేలా చేసిన ఆటను మన దిక్కు టీవీ పద్ధతి అయిన పాల్‌కు చేసిన సెట్లు 50 సార్లే గీసేవి. చిన్నప్పుడు మనం ఆడింది నెమ్మది మారియోనే.

వీడియో గేమ్ కాకుండా ఏ పాత బడి సామాన్లలోనో బీబీసీ మైక్రో కంప్యూటర్ దొరికితే అది మరో కథ. బడుల్లో కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశంలో బడులకు ఇచ్చినవి ఇవి. బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన మోడల్, బీ రకానికి 32 కేబీ మెమొరీ. దీన్ని కూడా నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. పవర్ సప్లైలో రీఫా అని రాసి ఉన్న పసుపు పచ్చటి కెపాసిటర్లకు ఒంటి నిండా పగుళ్లు ఉంటాయి. స్విచ్ వేసిన కొద్దిసేపటికే టప్‌మని పేలి ఇల్లంతా కంపు, పొగ. అదే విలువ గల ఎక్స్2 రకం (నేరుగా ఇంటి కరెంటు మీద వాడటానికి చేసిన కెపాసిటర్) వేయించాకే కరెంటు ఇవ్వండి. ఇది 230 వోల్టుల భాగం కాబట్టి చేయి తిరిగిన టీవీ మెకానిక్‌తోనే చేయించండి. తర్వాత కంప్యూటర్ స్విచ్ వేసిన వెంటనే రెండు రకాల చప్పుడు వస్తే బాగున్నట్టు. ఒకే చప్పుడు ఆగకుండా మోగితే లోపల ఏదో పోయినట్టు.

అప్పట్లో దీనిలోకి ప్రోగ్రాములు ఆడియో క్యాసెట్ నుంచి శబ్దంగా ఎక్కించేవాళ్లు. ఇప్పుడు దానికోసం టేప్‌రికార్డర్ వెతకనక్కర లేదు. టేపు శబ్దాన్ని ఫోన్‌లో ఆడియో ఫైల్‌గా పెట్టుకుని, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ క్యాసెట్ సాకెట్‌కు తీగ వేస్తే చాలు. వాల్యూమ్ ముప్పావు వంతుతో మొదలుపెట్టి, ఎర్రర్ వస్తే కొద్దికొద్దిగా పెంచండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరిచిపోవద్దు, మధ్యలో ఎవరైనా కాల్ చేస్తే తెర మీద రివైండ్ టేప్ అని కనిపిస్తుంది.